మూత ఊడదు, భయపడకండి

2024 జూలై 3 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ప్లాస్టిక్ నీళ్ళ సీసాలకు మూత ఊడిరాదు. తిప్పితే తెరుచుకుంటుంది గానీ, సీసా మెడ పట్టుకుని వేలాడుతూనే ఉంటుంది. ఎత్తి తాగబోతే ముక్కుకు గుచ్చుకుంటుంది. మూతలు సముద్రంలోకి కొట్టుకుపోతున్నాయని దేశాలన్నీ కలిసి పెట్టుకున్న నిబంధన ఇది. రాసుకున్నది 2019లో. అప్పటికి బ్రిటన్ అనే పెద్ద మూత సగం ఊడి, అచ్చం ఇలాగే వేలాడుతోంది. 2020 జనవరి 31న అది పూర్తిగా ఊడిపోయింది. మిగిలిన ఇరవై ఏడు దేశాలూ తమ చేతనైంది చేశాయి. సీసా మూతల్ని గట్టిగా కట్టేశాయి.

ఈ మూత సంగతి నేను సరదాకి చెప్పడం లేదు. ఐరోపా ఐక్యత మీద నేను చదివిన పెద్దపెద్ద వ్యాసాల్లో ఇంత తిరుగులేని సాక్ష్యం ఒక్కటీ దొరకలేదు. వాటన్నిటిదీ ఒకటే పాట. జాతీయవాదం పెరిగిపోతోంది, ప్రతి ఎన్నికలోనూ 'ముందు మన దేశం' అనేవాళ్ళు బలపడుతున్నారు, యూనియన్‌కు రోజులు దగ్గరపడ్డాయి. యూరో సంక్షోభంలో పోతుందన్నారు. శరణార్థులు వచ్చినప్పుడు పోతుందన్నారు. బ్రిటన్ వెళ్ళినప్పుడు పోతుందన్నారు. కరోనాలో ఇక ఖాయం అన్నారు. మా ఊళ్ళో ఒక ముసలాయన ఉండేవాడు. మంచం పట్టి నాలుగుసార్లు చుట్టాలందర్నీ పిలిపించాడు. నాలుగుసార్లూ వాళ్ళు ఏడుపు మొదలుపెట్టేసరికి లేచి కూచుని కాఫీ అడిగాడు. యూనియన్ వ్యవహారం అచ్చం అలాగే ఉంది.

అందుకని నేను నడుం కట్టి, ఈ సమస్యను అన్ని కోణాల నుంచీ పరిశీలించి ఒక నిర్ధారణకు వచ్చాను. జాతీయవాదుల వల్ల యూనియన్‌కు ఏ ప్రమాదమూ లేదు. ఇకమీదట దాన్ని కళ్ళలో వత్తులు వేసుకుని కాపాడబోయేది వాళ్ళే. తిట్టుకోవడానికి ప్రతి మనిషికీ ఒక ఇల్లు కావాలి. ఆ ఇల్లు కూలిపోతే పొద్దున లేచి ఎవర్ని తిడతారు? ఎవరింటి గోడ వాళ్ళు తిట్టుకోవాల్సి వస్తుంది. అంత సాహసం ఏ దేశభక్తుడూ చెయ్యడు.

పునాది సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమన్ ఒక ప్రతిపాదన చదివారు. ఫ్రాన్స్, పశ్చిమ జర్మనీల బొగ్గూ ఉక్కూ ఇకనుంచి ఒకే పెత్తనం కింద ఉండాలన్నారు. డెబ్భై ఐదేళ్ళలో మూడుసార్లు నరుక్కున్న పాలివాళ్ళు వీళ్ళు. నీతులు చెబితే వినే రకం కాదని, కత్తి నూరే సానరాయినే ఉమ్మడి ఆస్తి చేసేశారు. 1951లో ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ కూడా చేరి ఆరుగురూ సంతకాలు పెట్టారు. ఇక ఎవరు కత్తి నూరుకోవాలన్నా ముందు కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. కమిటీ తేల్చేసరికి కోపం చల్లారిపోతుంది. వ్యంగ్యం పక్కనపెట్టి చెబుతున్నాను, ఇంతకన్నా తెలివైన శాంతి సూత్రం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

ఎవరి మనసూ నొప్పించకుండా కాపురం చెయ్యడం వాళ్ళకు అప్పట్నుంచీ అలవాటైంది. యూరో నోటు తీసి చూడండి. వెనకవైపు వంతెన బొమ్మ ఉంటుంది. ఏ దేశంలోని వంతెన అని అడక్కండి, ఏ దేశంలోనూ లేదు. ఇటలీ వంతెన వేస్తే ఫ్రాన్స్ అలుగుతుంది, ఫ్రాన్స్‌ది వేస్తే స్పెయిన్ ముఖం ముడుచుకుంటుంది. అందుకని లేని వంతెనల్ని ఊహించి గీయించారు. 2002 జనవరిలో ఆ నోట్లు జనం చేతికొచ్చాయి. లేని వంతెనకు హక్కుదారు ఉండడు కదా, అందరూ హాయిగా ఉన్నారు. అంతలో నెదర్లాండ్స్‌లో స్పైకెనిస్సె అనే ఊరివాళ్ళు ఏం చేశారంటే, నోట్ల మీద ఉన్న ఏడు వంతెనల్నీ అవే రంగుల్లో, తమ ఊరి కాలవల మీద నిజంగానే కట్టేశారు. ఊళ్ళో చెరువు పోరంబోకు మీద ఎవరి పేరూ లేదని తెలియగానే రాత్రికి రాత్రి రేకుల షెడ్డు వేసే సోదరుల్ని చూసిన వాళ్ళం, మనకు ఇందులో ఆశ్చర్యం ఏమీ ఉండదు.

ఇక వేరు కాపురం పెట్టిన బ్రిటన్ దగ్గరికి వద్దాం. 2016 జూన్ 23న ఓటు వేసి, 51.9 శాతం మంది బయటికి పోదామన్నారు. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ దుండులా ఉండాలి అన్న మన సామెత ఇంగ్లీషు వాళ్ళకు తెలియకపోయినా, చర్చలకు కూర్చున్నప్పుడు వాళ్ళు అడిగింది మాత్రం సరిగ్గా అదే. సంత మాకు కావాలి, సంత పన్ను వద్దు. మీ ఇంటికి మేం రావాలి, మా ఇంటికి మీరు రావద్దు.

ఈ మొత్తం స్వాతంత్ర్య సమరంలో నన్ను అన్నిటికన్నా కదిలించింది పాస్‌పోర్టు రంగు. యూనియన్‌లో ఉన్న రోజుల్లో, 1988 నుంచి, బ్రిటిష్ పాస్‌పోర్టు ముదురు ఎరుపు రంగులో ఉండేది. బయటికొచ్చాక తాతల నాటి నీలం రంగు తిరిగి తెచ్చుకుంటామని గర్వంగా ప్రకటించారు. టెండరు పిలిచారు. తక్కువకు చేస్తామన్న ఒక ఫ్రెంచ్-డచ్ కంపెనీకి అది దక్కింది. 2020లో నీలం పాస్‌పోర్టులు రానే వచ్చాయి. ఎక్కడ తయారయ్యాయి? పోలండ్‌లో. పోలండ్ వాళ్ళు వచ్చి మా పనులు లాక్కుంటున్నారని గోలపెట్టి బయటికొచ్చిన వాళ్ళు, పనినే పోలండ్‌కు పంపించి, అక్కడ అచ్చయిన స్వాతంత్ర్యాన్ని జేబులో పెట్టుకు తిరుగుతున్నారు. ఇంకో చిన్న సంగతి ఉంది. చెప్పకుండా వదిలేద్దామనుకున్నాను గానీ నోరు ఊరుకోవడం లేదు. పాస్‌పోర్టు ఎర్రగానే ఉండాలని యూనియన్ ఏనాడూ బలవంతపెట్టలేదు. క్రొయేషియా నీలం పాస్‌పోర్టుతోనే చేరింది, నీలంతోనే ఉంది.

వెళ్తూ వెళ్తూ బ్రిటన్ ఒకటి మర్చిపోయింది. యూనియన్‌కు 24 అధికార భాషలున్నాయి. ఐర్లండ్ తన వాటా కింద ఐరిష్ రాయించుకుంది, మాల్టా మాల్టీస్ రాయించుకుంది. ఇంగ్లీషును తన భాషగా రాయించుకున్న దేశం బ్రిటన్ ఒక్కటే. అది పోయింది. అయినా యూనియన్ కార్యాలయాలున్న బ్రస్సెల్స్‌లో ఫిన్లండ్ గుమాస్తా గ్రీకు గుమాస్తాతో ఫైలు గురించి మాట్లాడేది ఇంగ్లీషులోనే. అల్లుడు అలిగి వెళ్ళిపోయాడు, ఆయన నేర్పిన పేకాట మాత్రం ఇంట్లో నిలిచిపోయింది.

బ్రిటన్ పడిన పాట్లు చూశాక మిగతా దేశాల జాతీయవాదులకు ఒక్కసారిగా జ్ఞానోదయమైంది. 2017 ఎన్నికల్లో ఫ్రాన్స్‌లో మరీన్ లెపెన్ యూరో వదిలేద్దామన్నారు, యూనియన్‌లో ఉండాలో వద్దో జనాన్నే అడుగుదామన్నారు. ఓడిపోయారు. 2022 నాటికి ఆ మాటలు ఆమె నోట వినబడలేదు. ఇటలీలో జార్జియా మెలోని ఒకప్పుడు యూరో నుంచి బయటపడాలన్న మనిషే. 2022 అక్టోబర్‌లో ప్రధాని అయ్యాక బ్రస్సెల్స్ బల్ల దగ్గర ఆమె కుర్చీ చక్కగా సర్దుకుంది. బల్ల మీద ఇటలీకి రావాల్సిన కరోనా పునరుద్ధరణ నిధుల ఫైలు ఉందిగా మరి. 'పోదాం పద' అన్న నినాదం పోయి 'ఉందాం గానీ మన ఇష్టప్రకారం ఉందాం' అన్నది వచ్చింది. ఉమ్మడి కుటుంబంలో పెరిగిన వాళ్ళకు ఈ దశ బాగా తెలుసు. వేరుపడతానని పదేళ్ళు బెదిరించిన కోడలు, బయట అద్దెలు ఎంతున్నాయో కనుక్కుని వచ్చిన రోజు నుంచి వంటిల్లు తన చేతిలోకి కావాలంటుంది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం మహాపాపమని మన పెద్దలు అన్నారు. యూరోపియన్ పార్లమెంటులో అది ఉద్యోగం. యూనియన్‌ను కూల్చడమే ఆశయంగా ప్రకటించిన బ్రిటన్ నాయకుడు నైజెల్ ఫరాజ్ 1999లో ఆ పార్లమెంటుకు ఎన్నికై, 2020 జనవరిలో ఆఖరి రోజు దాకా అక్కడే ఉన్నారు. ఇరవై ఏళ్ళు! అంతకాలం ఒకేచోట పనిచేసిన వాళ్ళకు మనదగ్గరైతే శాలువా కప్పి వెండి పళ్ళెం ఇస్తారు. 2019 జూలైలో స్ట్రాస్‌బర్గ్‌లో కొత్త సభ మొదలైన రోజున యూనియన్ గీతం వినిపిస్తుంటే ఆయన బ్రెగ్జిట్ పార్టీ సభ్యులు లేచి నిలబడి వీపు తిప్పారు. ఆ గీతం బీథోవెన్ తొమ్మిదో సింఫనీలోది. అధికారికంగా దానికి మాటలు లేవు. సంగీతానికి భాష అక్కర్లేదని పైకి చెప్పే వివరణ. 24 భాషల్లో ఏ భాషలో పాడినా 23 భాషలవాళ్ళు అలుగుతారన్నది నా వివరణ. వాళ్ళు వీపు తిప్పారని నేను తప్పుపట్టను. జీతాల రిజిస్టరు ఏ వైపున ఉందో చూసుకునే తిరిగి ఉంటారు.

లెపెన్‌గారి విషయం కోర్టుకెక్కింది కాబట్టి జాగ్రత్తగా రాస్తాను. యూరోపియన్ పార్లమెంటు సహాయకుల జీతాలకని ఇచ్చిన డబ్బును ఫ్రాన్స్‌లో సొంత పార్టీ పనివాళ్ళకు వాడారని ప్యారిస్ కోర్టు 2025 మార్చి 31న ఆమెను దోషిగా తేల్చింది, ఐదేళ్ళు పోటీ చేయకూడదంది. తప్పేమీ చేయలేదంటూ ఆమె అప్పీలుకు వెళ్ళారు. దొరలెవరో, దొంగలెవరో తేల్చాల్సింది పైకోర్టు, నేను కాదు. నా వాదనకు కావలసింది ఒక్కటే. బ్రస్సెల్స్ మీద యుద్ధానికి ఖర్చు ఎవరు పెట్టారని అడిగితే, ఆ కోర్టు చెప్పిన లెక్క ప్రకారం, బ్రస్సెల్సే.

ఇప్పుడు అసలు కథకు వస్తాను. దేశదేశాల జాతీయవాదులు కలిసి ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకుంటే ఏమవుతుంది? ఇది పొడుపుకథ కాదు, పెట్టుకున్నారు. 2007 జనవరిలో రొమేనియా, బల్గేరియా కొత్తగా యూనియన్‌లో చేరాయి. అక్కడి సభ్యులు యూరోపియన్ పార్లమెంటుకు రావడంతో, అందులోని తీవ్ర జాతీయవాదులకు గ్రూపు కట్టడానికి కావలసిన తలలు కుదిరాయి. గ్రూపు పేరు 'గుర్తింపు, సంప్రదాయం, సార్వభౌమత్వం'. గమనించండి, విస్తరణ వద్దని అరిచేవాళ్ళకు గ్రూపు హోదా వచ్చింది విస్తరణ వల్లే. ఫ్రాన్స్ నుంచి మరీన్ తండ్రి జాన్ మరీ లెపెన్ ఉన్నారు, ఇటలీ నుంచి ముస్సోలినీ మనవరాలు అలెస్సాండ్రా ముస్సోలినీ ఉన్నారు, రొమేనియా నుంచి 'మహా రొమేనియా పార్టీ' వారు ఐదుగురు ఉన్నారు. ఆ ఏడాది చివర్లో రోమ్‌లో ఒక హత్య జరిగింది. నిందితుడు రొమేనియా వాడు. ముస్సోలినీగారు ఆగలేక, రొమేనియన్లంతా నేరస్థులేనన్న ధోరణిలో ఒక మాట విసిరారు. పక్క సీటులో ఉన్నది రొమేనియన్లేనన్నది ఆవిడకు ఆ క్షణాన గుర్తు లేదు. ఐదుగురూ సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. తలలు తగ్గి గ్రూపు రద్దయింది. ఏడాది నిండలేదు.

ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రతివాడూ తన దేశమే గొప్పదని నమ్మేవాడే అయినప్పుడు, వాళ్ళ సభకు అధ్యక్షుడు ఎవరు కావాలి? మన కులసంఘాల సమాఖ్య మీటింగులకు వెళ్ళినవాళ్ళకు వివరించనక్కర్లేదు.

2024లో మళ్ళీ అదే ముచ్చట. జర్మనీ పార్టీ ఏఎఫ్‌డీ తరఫున జాబితాలో ముందున్న మాక్సిమిలియన్ క్రా, హిట్లర్ నాటి ఎస్‌ఎస్ దళాల్లో ఉన్నవాళ్ళంతా నేరస్థులేమీ కారని ఒక ఇటలీ పత్రికతో అన్నారు. ఎన్నికలకు రెండు వారాల ముందు, లెపెన్ పార్టీ ఉన్న గ్రూపు ఏఎఫ్‌డీని బయటికి నెట్టేసింది. తర్వాత జూలైలో కొత్త పార్లమెంటు కూర్చుంది. మొత్తం సీట్లు 720. జాతీయవాదులు, వారి దగ్గరి చుట్టాలు మూడు పొయ్యిలు వెలిగించారు. అప్పట్లో హంగరీ ప్రధానిగా ఉన్న విక్టర్ ఓర్బన్ పార్టీ, లెపెన్ పార్టీ ఉన్న 'ఐరోపా కోసం దేశభక్తులు' గ్రూపులో 84 మంది. మెలోని పార్టీ ఉన్న గ్రూపులో 78. ఎవరూ చేర్చుకోని ఏఎఫ్‌డీ మరికొందరితో కలిసి పెట్టుకున్న గ్రూపులో 25. కూడండి. 187. సభలో అతిపెద్ద గ్రూపైన మితవాద పీపుల్స్ పార్టీకి ఎంతమంది? 188. ఒక్కటంటే ఒక్క తల తక్కువ. అయినా కలవలేదు. కలిస్తే అతిపెద్ద గ్రూపుకు సరిజోడు అవుతామని తెలిసీ కలవకపోవడానికి గొప్ప నిగ్రహం ఉండాలి. ఐరోపాను ఏ సైన్యమూ కాపాడనంత పదిలంగా ఈ నిగ్రహమే కాపాడుతోంది.

'ఐరోపా కోసం దేశభక్తులు' అన్న పేరు మీద నేను రెండు రోజులు ఆలోచించాను. దేశభక్తులు సరే, ఏ దేశానికి? ఐరోపా కోసం సరే, మరి దాన్నేగా వద్దంటున్నది? 2024 రెండో సగంలో యూనియన్ మంత్రుల మండలికి అధ్యక్షత వహించే వంతు హంగరీకి వచ్చినప్పుడు వాళ్ళు పెట్టుకున్న నినాదం 'ఐరోపాను మళ్ళీ గొప్పగా చేద్దాం'. అమెరికా నుంచి తెచ్చుకున్న నినాదం, ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న భాష. స్వదేశీ అంటే అంత స్వదేశీ.

ఓర్బన్‌గారి గురించి ఇంత చెప్పి కాఫీ కథ చెప్పకపోతే పాపం చుట్టుకుంటుంది. యూనియన్‌లో పెద్ద విషయాలకు అందరూ ఒప్పుకోవాలి. ఒక్కరు కాదంటే కాదు. ఇరవై ఏడు వాటాలున్న ఇల్లు అమ్మడానికి ఇరవై ఏడు సంతకాలు కావాలన్నమాట. 2023 డిసెంబర్ 14న బ్రస్సెల్స్‌లో నాయకులు సమావేశమయ్యారు. ఉక్రెయిన్‌తో సభ్యత్వ చర్చలు మొదలుపెట్టాలా వద్దా అన్నది విషయం. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. ఇరవై ఆరుగురు ఔనంటే ఓర్బన్ వద్దన్నారు. గంటలు గడిచాయి. అప్పుడు జర్మనీ చాన్సలర్ ఒలాఫ్ షోల్జ్ ఒక సలహా ఇచ్చారు. మీరోసారి బయటికి వెళ్ళి కాఫీ తాగి రాకూడదా?

ఓర్బన్ లేచారు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళారు. గదిలో ఉన్నవాళ్ళలో ఎవరూ వ్యతిరేకించలేదు కాబట్టి తీర్మానం ఏకగ్రీవం. నలభై కోట్ల పైచిలుకు జనం ఉన్న యూనియన్ భవిష్యత్తు ఒక కప్పు కాఫీ చల్లారేలోపు తేలిపోయింది. తర్వాత ఆయన, ఈ తప్పుడు నిర్ణయంలో హంగరీకి పాలు లేదని వీడియో పెట్టారు. కాఫీలో పాలు పోశారో లేదో మాత్రం చెప్పలేదు. సరిగ్గా ముందురోజు, డిసెంబర్ 13న, హంగరీకి ఆపి ఉంచిన నిధుల్లో 1,020 కోట్ల యూరోలను యూనియన్ వదిలింది. రెండింటికీ సంబంధం లేదని బ్రస్సెల్స్ అధికారులు చెప్పారు. నేనూ అదే అంటున్నాను. అయితే లోకంలో ఇంత ఖరీదైన కాఫీ మరొకటి ఉండదని మాత్రం ధైర్యంగా అనగలను. ఆ రాత్రే ఆయన ఉక్రెయిన్‌కు ఇవ్వాల్సిన 5,000 కోట్ల యూరోల సాయాన్ని అడ్డుకున్నారు, 2024 ఫిబ్రవరి 1న ఒప్పుకున్నారు.

మన ఇళ్ళల్లో పంపకాల రోజున అడ్డం తిరిగే చిన్నాన్నను, 'నువ్వోసారి పొలం దాకా వెళ్ళి రారా' అని పంపించి, ఆయన వచ్చేలోపు కాగితాలు రాసేసే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. దీనికి పేటెంటు తీసుకోకపోవడం మన పొరపాటు.

లోపలున్నవాళ్ళ సంగతి ఇలా ఉంటే, గడప బయట నిలబడ్డవాళ్ళ అవస్థ వేరు. మాసిడోనియా అనే చిన్న దేశం 2005 నుంచి అభ్యర్థి. ఆ పేరు మాది, మా ఉత్తర ప్రాంతం పేరు, అలెగ్జాండర్ మావాడు, పేరు మారిస్తే తప్ప ఒప్పుకోమని గ్రీసు పట్టుబట్టింది. మనదగ్గర సినిమా ఆడకపోతే న్యూమరాలజీ చూపించుకుని పేరులో ఒక అక్షరం ఎక్కువ పెట్టుకుంటారు. వాళ్ళు 2019లో ముందు 'ఉత్తర' తగిలించుకున్నారు. ఉత్తర మాసిడోనియా. అదే ఏడాది అక్టోబర్‌లో ఫ్రాన్స్ అడ్డుపడింది, ముందు మన చేర్చుకునే పద్ధతి బాగుచేసుకుందామంది. 2020 నవంబర్‌లో బల్గేరియా లేచింది. మీరు మాట్లాడేది వేరే భాషేమీ కాదు, మా బల్గేరియన్ యాసే, ముందు అది ఒప్పుకోండి అంది. పెళ్ళిచూపులకు వచ్చిన ప్రతి చుట్టమూ తలా ఒక వంక పెడితే పిల్ల ఏం చెయ్యాలి? పేరు మార్చుకుంది. చరిత్ర మార్చుకోమన్నారు. భాష కూడా మార్చుకుంటే, ఇక పెళ్ళికూతురు ఎవరన్నది కనుక్కోవాలి.

ఈ ఇంటికి యజమాని ఎవరన్నది ఇంకో చిక్కు. రోజువారీ పాలన చూసే కమిషన్‌కు ఒక అధ్యక్షురాలు, నాయకుల మండలికి ఒక అధ్యక్షుడు, పార్లమెంటుకు ఒక అధ్యక్షురాలు. 2021 ఏప్రిల్‌లో ఇద్దరు అధ్యక్షులు అంకారాలో టర్కీ అధ్యక్షుణ్ణి కలవడానికి వెళ్ళారు. టర్కీ అధ్యక్షుడి పక్కన ఒకే ఒక్క కుర్చీ ఉంది. మండలి అధ్యక్షుడు షార్ల్ మిషెల్ చటుక్కున కూర్చున్నారు. కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లెయెన్ నిలబడి ఒక్క క్షణం చూసి, 'ఉహుఁ' లాంటి చప్పుడు చేసి, దూరంగా ఉన్న సోఫాలో కూర్చున్నారు. సభావేదిక మీద కుర్చీ చాలకపోతే మన ఎమ్మెల్యేలు ఎంత రభస చేస్తారో తెలిసినవాణ్ణి కాబట్టి, ఆవిడ సంయమనాన్ని మెచ్చుకుంటున్నాను. ఇక్కడా జాతీయవాదులకే నష్టం. యూనియన్‌ను కబ్జా చేద్దామని వచ్చినా, ఏ కుర్చీలో కూర్చుంటే కబ్జా అయినట్టో తెలియదు.

ఆ కుర్చీలు కూడా కదులుతూ ఉంటాయి. పార్లమెంటు పని ఎక్కువ భాగం బ్రస్సెల్స్‌లో జరుగుతుంది. కానీ ఏడాదికి పన్నెండుసార్లు అందరూ ట్రంకుపెట్టెలు సర్దుకుని నాలుగు వందల కిలోమీటర్ల పైన ఉన్న స్ట్రాస్‌బర్గ్ వెళ్ళి, నాలుగు రోజులుండి, మళ్ళీ సర్దుకుని వస్తారు. మిగతా రోజుల్లో ఆ అద్దాల భవనం దుమ్ము పడుతూ ఉంటుంది. ఈ కాపురాలు మానేస్తే ఏడాదికి 11.4 కోట్ల యూరోలు మిగులుతాయని యూనియన్ ఆడిటర్లే 2014లో లెక్కకట్టారు. మానలేరు. ఒప్పందంలో రాసి ఉంది, ఒప్పందం మార్చాలంటే ఫ్రాన్స్ కూడా ఒప్పుకోవాలి, స్ట్రాస్‌బర్గ్ ఫ్రాన్స్‌లో ఉంది. 2023 అక్టోబర్‌లో ఎంపీలను తీసుకెళ్తున్న ప్రత్యేక రైలు దారితప్పి ప్యారిస్ పక్కన డిస్నీలాండ్ స్టేషన్‌లో ఆగింది. కాసేపటికి తప్పు తెలుసుకుని మళ్ళీ బయల్దేరిందట. తొందరపడ్డారేమోనని నా అనుమానం.

సరిహద్దుల సంగతి చెప్పడానికి నాకు ఇంట్లోనే సాక్షి ఉన్నాడు. మా అక్కయ్య కొడుకు జర్మనీలో ఆఖెన్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. వాడి షెంగెన్ తంటాలు చూశాకే నాకు ఐరోపా మీద ఆసక్తి పుట్టింది. షెంగెన్ అంటే వీసా కనిపెట్టిన శాస్త్రవేత్త పేరని మా బావగారు చాలాకాలం అనుకున్నారు. అది లక్సెంబర్గ్‌లో మొసెల్ నది ఒడ్డున ఒక చిన్న పల్లె. మూడు దేశాలు కలిసేచోట, 1985 జూన్ 14న నదిలో పడవ మీద కూర్చుని ఐదు దేశాలు సరిహద్దు తనిఖీలు ఎత్తేద్దామని సంతకాలు చేశాయి. ఇప్పుడు ఆ ఒప్పందంలో 29 దేశాలున్నాయి. వాడి చదువు చూడ్డానికి వెళ్దామని అక్కయ్య, బావగారు వీసాకు పెట్టుకుంటే మనిషికి 90 యూరోల ఫీజు, ముప్ఫై వేల యూరోల ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వెనక్కి వచ్చేస్తామనడానికి రుజువుగా పొలం పాస్‌బుక్కు. సరిహద్దులు లేని లోకంలో అడుగుపెట్టడానికి బావగారు తన పొలం సరిహద్దులన్నీ చూపించాల్సి వచ్చింది.

ఆఖెన్ నుంచి సిటీ బస్సెక్కితే కాసేపట్లో వాల్స్ అనే నెదర్లాండ్స్ ఊరు వస్తుంది. ఆదివారం జర్మనీలో దుకాణాలు మూసేస్తారు, వాల్స్‌లో తెరిచి ఉంటాయి. మావాడు ఆదివారం పెరుగు, కొత్తిమీర కోసం పరదేశం వెళ్ళొస్తాడు. మొదట్లో సరిహద్దు ఎప్పుడు దాటాడో వాడికే తెలిసేది కాదు, ఫోను 'నెదర్లాండ్స్‌కు స్వాగతం' అని మెసేజి ఇస్తే తెలిసేది. 2024 సెప్టెంబర్ 16న జర్మనీ అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు మొదలుపెట్టింది. డిసెంబర్‌లో నెదర్లాండ్స్ కూడా మొదలుపెట్టింది. అతని ఇంటికి నేను తాళం వేస్తే నా ఇంటికి అతను తాళం వేశాడన్నమాట. ఒక ఆదివారం తిరిగొస్తుంటే బస్సు ఆపి పోలీసులు ఎక్కారు. మావాడి పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ చూశారు. వాడికి టెన్షన్ వచ్చి, అడక్కుండానే సంచి తెరిచి కొత్తిమీర కట్ట చూపించాడట. పోలీసాయన వాసన చూసి, తల ఊపి దిగిపోయాడట. పక్కన కూర్చున్న జర్మన్ ముసలావిడ మాత్రం తన కాగితాలు ఇంట్లో మర్చిపోయింది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

అన్నట్టు, అక్కడికి వాయవ్యాన బార్లె అని ఒక ఊరుంది. నెదర్లాండ్స్ ఊరి మధ్యలో బెల్జియం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. సరిహద్దు గీత ఇళ్ళ మధ్య నుంచి, దుకాణాల మధ్య నుంచి పోతుంది. పేవ్‌మెంటు మీద తెల్లటి గుర్తులుంటాయి. 2020లో కరోనాకు బెల్జియం దుకాణాలు మూయించింది, నెదర్లాండ్స్ తెరిచి ఉంచింది. గీత మధ్యలో పడ్డ ఒక బట్టల దుకాణం ఏం చేసిందంటే, షాపు మధ్యలో టేపు కట్టి, నెదర్లాండ్స్ సగంలో అమ్మకాలు సాగించింది. టేపు అవతల బెల్జియం వైపు బట్టలు వేలాడుతూ కనబడతాయి, ముట్టుకోకూడదు. ఏ జాతీయవాదికైనా తన కలల ఐరోపా ఎలా ఉంటుందో చూడాలనిపిస్తే ఆ దుకాణం ఫొటో చాలు. లోపలికి వచ్చాక చొక్కా ఇటుంటుంది, ప్యాంటు అటుంటుంది.

బెల్జియం పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. యూనియన్ రాజధాని అనదగ్గ బ్రస్సెల్స్ ఉన్న ఈ దేశమే 2010–11లో 541 రోజులు పూర్తి స్థాయి ప్రభుత్వం లేకుండా గడిపింది. 2025 ఫిబ్రవరి నుంచి దానికి ప్రధాని బార్ట్ డి వెవర్. ఆయన పార్టీ ధ్యేయం బెల్జియం ఉత్తర భాగమైన ఫ్లాండర్స్‌కు స్వాతంత్ర్యం. అంటే బెల్జియం వద్దనే పార్టీ నాయకుడు బెల్జియం రాజుగారి ముందు ప్రమాణం చేసి బెల్జియాన్ని నడుపుతున్నారు. నా సిద్ధాంతానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇల్లు వద్దన్నవాడి చేతికి తాళాలిస్తే, రాత్రి తలుపులన్నీ వేశారో లేదో రెండుసార్లు చూసుకునేది వాడే.

ఇక గడియారాలు. యూనియన్‌లో మార్చి ఆఖరి ఆదివారం గంట ముందుకు, అక్టోబర్ ఆఖరి ఆదివారం గంట వెనక్కు తిప్పుతారు. 2018లో జనాన్ని అడిగితే 46 లక్షల మంది జవాబు రాశారు, వాళ్ళలో 84 శాతం ఈ తిప్పుడు వద్దన్నారు. 2019 మార్చిలో పార్లమెంటు కూడా వద్దంది, 2021 నుంచి ఆపేద్దామంది. ఆపితే వేసవి టైములో ఆపాలా, చలికాలం టైములో ఆపాలా? దేశాల మధ్య అది తేలలేదు. తేలలేదు కాబట్టి, వద్దనుకున్నవాళ్ళూ కావాలనుకున్నవాళ్ళూ, జాతీయవాదులూ సమైక్యవాదులూ, అందరూ ఒకే అర్ధరాత్రి దాటాక ఒకే క్షణాన గంట తిప్పుతూనే ఉన్నారు.

అక్టోబర్ ఆఖరి ఆదివారం మావాడు ఫోను చేశాడు.

"మామయ్యా, ఇవాళ్టి నుంచి నీకూ నాకూ నాలుగున్నర గంటల తేడా. నిన్నటిదాకా మూడున్నర."

"వాల్స్‌లో కూడా తిప్పారుట్రా?"

"అక్కణ్ణుంచే వస్తున్నా. అక్కడా తిప్పారు."

"బస్సు ఆపారా?"

"ఇవాళ ఆపలేదు. ఉండు మామయ్యా, గొంతు ఎండిపోయింది, కాసిని మంచినీళ్ళు తాగుతా."

సీసా తెరిచిన చప్పుడైంది. ఆ వెంటనే "అబ్బా" అన్నాడు.

"ఏమైందిరా?"

"మూత, మామయ్యా. ముక్కుకు గుచ్చుకుంది."